రెండో గీత

ఆ గీతలో బంగారం ఉందని వాళ్ళకు చెప్పింది నేనే. ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు ఉషా, నీ నోటికి మనకసలు ఊరే మిగలదు" అని మా అమ్మ పద్మావతమ్మ నా చిన్నప్పుడే తల బాదుకునేది. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆవిడ మాట మాత్రం ఈ ఏడు నిజమైంది.

నా పేరు ఉషారాణి. మాది కల్లూరు. పినపాక దాటాక అడవి మొదలయ్యేచోట ఉన్న సర్కారు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తాను. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే మైక్రోస్కోపు, అదే కిర్రుమనే స్టూలు. నెత్తురు చుక్క చూసి మలేరియా ఉందో లేదో చెప్పడం నా పని. ఈ ఇరవై రెండేళ్ళలో నలుగురు డాక్టర్లతోనూ, లెక్కలేనంతమంది సూపర్‌వైజర్లతోనూ పోట్లాడాను. నెత్తురు చుక్క దగ్గర మాత్రం ఎప్పుడూ తప్పు చెయ్యలేదు. అదే నా పొగరు.

పోయిన జూలైలో ఆశా కార్యకర్తలకు మలేరియా కిట్ల మీద శిక్షణ పెట్టారు. అడవి గుంపుల్లో, అంటే కోయగూడేల్లో, ఎవరికి జ్వరం వచ్చినా ముందు గడప తొక్కేది ఆశాలే. డాక్టరు దాకా రావాలంటే వాగులు దాటాలి. అందుకే వాళ్ళ చేతికే కిట్లూ, మందులూ ఇస్తారు. మా సూపర్‌వైజర్ వెంకటేశ్వరరావుగారు తెర మీద అక్షరాలు వేసి, వాటిని వేసినట్టే చదువుకుంటూ పోయారు. బయట ఎడతెగని వాన. లోపల ముప్పై మంది ఆడవాళ్ళు, తడిసిన చీరలు, ఆవులింతలు. నాకు ఒళ్ళు మండింది.

"సార్, మీరు కాసేపు టీ తాగి రండి" అని చెప్పి కిట్ చేతిలోకి తీసుకున్నాను. ఆయన మంచి మనిషి. బతుకుజీవుడా అని బయటికి వెళ్ళిపోయారు.

అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగ్గా ఉండే తెల్ల ప్లాస్టిక్ బిళ్ళ అది. ఒక గుంటలో నెత్తురు చుక్క, ఇంకో గుంటలో మందునీళ్ళ చుక్కలు వెయ్యాలి. పావుగంట ఆగాలి. 'సి' అనే అక్షరం దగ్గర ఎర్ర గీత వస్తే కిట్ పనిచేసినట్టు. 'టి' దగ్గర రెండో గీత కూడా వస్తే మలేరియా ఉన్నట్టు. ఇంతవరకు వాళ్ళకూ తెలుసు.

"ఈ ఎర్ర గీత దేనితో చేశారో తెలుసా? బంగారంతో" అన్నాను.

ఆవులింతలు ఆగిపోయాయి. ముందు వరసలో కూర్చున్న పుష్పలత కళ్ళు పెద్దవి చేసింది. ఇప్పలగుంపు ఆశా ఆమె. కోయపిల్ల, ఇరవై ఆరేళ్ళుంటాయి. పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో చదివింది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, ముప్పై మందిలో నాకు తిట్టే పని పెట్టని మనిషి ఆమె ఒక్కతే.

"బంగారమా మేడం? మరి పచ్చగుండాలె గద. గిది ఎర్రగున్నదేంది?"

ఇక నన్ను ఆపేదెవరు? "ఒక మీటరు గుడ్డ తీసుకోవే పుష్పా. దాన్ని నూరు కోట్ల ముక్కలు చెయ్యి. అందులో ఒక్క ముక్క నానోమీటరు. ఈ గీతలో ఉండే బంగారు రేణువు అలాంటివి నలభై కలిపినంత ఉంటుంది. నీ తలవెంట్రుక మందంలో ఇవి రెండు వేలు పక్కపక్కన పడతాయి. అంత చిన్నదైపోయాక ఏ వస్తువూ పాత గుణంతో ఉండదు. దాని మీద వెలుగు పడే తీరే మారిపోతుంది. అందుకే బంగారం పచ్చదనం వదిలేసి ఎర్రబడుతుంది. ఇంత చిన్న రేణువుల్ని చేసి, వాటితో పని చేయించుకునే విద్యనే నానో టెక్నాలజీ అంటారు."

"గంత సిన్నదానికి జరం సంగతి ఎట్ల తెలుస్తది మేడం?"

"దానికి తెలీదు. ఒక్కో రేణువుకూ ఒక పట్టుకారు అంటించి ఉంటుంది. ఇనపది కాదు, మన గుడ్డులో తెల్లసొన ఎట్లాంటిదో అట్లాంటి సరుకు. మలేరియా క్రిమి నెత్తురులో వదిలిన పదార్థం తగిలితే అది పట్టుకుంటుంది. టి గీత దగ్గర ఇంకో పట్టుకారు కాపలా కూర్చుని, దాన్ని పట్టుకొచ్చిన బంగారాన్ని అక్కడే ఆపేస్తుంది. లక్షల రేణువులు ఒకేచోట ఆగితే మన కంటికి గీత కనబడుతుంది."

ఇంకా చెప్పాను. హాలు మూలన ఉన్న నీళ్ళ ఫిల్టరు చూపించి, అందులో క్రిముల్ని చంపేది ఇట్లాంటి వెండి రేణువులేనన్నాను. ఎండకు నల్లబడకుండా మొహానికి రాసుకునే క్రీముల్లో జింకు పొడి ఉంటుందన్నాను. కల్లూరులో మా తమ్ముడు వెంకటనారాయణ మిరప తోటకు అరలీటరు సీసాలో నానో యూరియా తెచ్చి పిచికారీ చేస్తున్నాడనీ, బస్తా మందు సీసాలో ఎట్లా పడుతుందని నాతో ఫోన్లో గంట సేపు కొట్లాడాడనీ చెబితే అందరూ నవ్వారు. మనుషులు కనిపెట్టకముందే ఈ విద్య చేమాకుకు తెలుసన్నాను. దాని మీద కంటికి కనబడని సన్న గరుకు ఉంటుంది, అందుకే నీటిబొట్టు అంటకుండా జారిపోతుందన్నాను. వాళ్ళ ముఖాలు వెలిగిపోయాయి. ఆహా, నా అంత టీచరు లేదనుకున్నాను.

చివరికి కిట్లు దాచుకునే సంగతి వచ్చింది. తెర మీద రెండు ముక్కలున్నాయి. తేమ తగలకూడదు. నలభై డిగ్రీలు దాటకూడదు. రెండోది చూసి నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆకాశానికి చిల్లుపడ్డట్టు కురుస్తోంది.

"ఈ వానల్లో వేడెక్కడ చచ్చిందిలే" అన్నాను. "తేమే మనకు శత్రువు. తేమ తగిలిందా, పట్టుకారు పాడైపోతుంది. ప్యాకెట్లో చిన్న గింజల సంచి ఉంటుంది చూడండి, దాని రంగు మారితే ఆ కిట్ పారెయ్యాల్సిందే. వచ్చే ఏటికి విత్తనాలు ఎంత భద్రంగా దాచుకుంటారో అంత భద్రంగా దాచుకోండి."

"అవ్ మేడం" అన్నారు ముప్పై మందీ.

తెర మార్చేశాను. ఆ రెండో ముక్క మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

ఆగస్టు మొదటివారం మీటింగుకు పుష్పలత కూతుర్ని వెంటపెట్టుకొని వచ్చింది. పేరు సమ్మక్క. అందరూ సమ్మి అంటారు. ఏడేళ్ళు. కొత్తగా చెవులు కుట్టించారు. రంధ్రాలు మూసుకుపోకుండా రెండు చెవులకూ చీపురుపుల్ల ముక్కలు గుచ్చి ఉన్నాయి. తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చి, మైక్రోస్కోపుకు గడ్డం ఆనించి నిలబడింది.

"మేడం, గా గీతల బంగారం ఎంతుంటది?"

"ఎందుకే నీకు?"

"కమ్మలకు. మా ఇంట్ల ఒక డబ్బ నిండ ఉన్నయి గద."

నాకు నవ్వాగలేదు. "జిల్లాలో ఉన్న కిట్లన్నీ కరిగించినా నీ చెవిపుల్ల కొసకు పూత కూడా రాదే పిచ్చిదానా!"

దాని మొహం చిన్నబోయింది. నా నోటికి తిట్టడం ఎంత సులువో, చిన్నబోయిన పిల్లను చూసి ఉండలేకపోవడం నా ప్రాణానికి అంతే అలవాటు. "సర్లే, ఏడుపు మొహం పెట్టకు. వాగు తగ్గాక భద్రాచలం పోతాను. నేను తెస్తాలే కమ్మలు" అన్నాను.

"గప్పటిదాంక పుల్లలు తియ్య. తీస్తె మూసుకపోతయట, అమ్మ చెప్పింది."

"తియ్యకు" అన్నాను నేను.

ఆ రోజు మీటింగులో ఆశాలు ఒక్కొక్కరే లేచి నెల లెక్క చెప్పారు. ఒక గుంపులో మూడు మలేరియా కేసులు, ఇంకోచోట ఐదు. పుష్పలత వంతు వచ్చింది. "తొమ్మిది మందికి జరమొచ్చింది మేడం. తొమ్మిది మందికీ టెస్ట్ చేసిన. ఒక్కటే గీత. మలేరియా జీరో."

"చూడండి, దోమతెరలు కట్టించిన ఊరు ఎట్లుంటుందో!" అన్నారు వెంకటేశ్వరరావుగారు. చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. చుట్టూ అన్ని గుంపుల్లో మలేరియా ఉంటే మధ్యలో ఆ ఒక్క గుంపును దోమ ఎందుకు వదిలిపెడుతుందని ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న ఈ బుర్రకు తోచలేదు. సున్నా అంటే మాకు అంత ముద్దు.

ఆ తర్వాతి వారం గోదావరి పొంగింది. గోదావరి పొంగితే మా వాగులు వెనక్కి తంతాయి. ఇప్పలగుంపు దారి మునిగింది. బస్సులు ఆగిపోయాయి. ఊరి వెనక గుట్ట ఎక్కితే ఫోనుకు ఒక గీత సిగ్నల్ వస్తుంది. అక్కడి నుంచే పుష్పలత ఫోన్ చేసింది, మంగళవారం పొద్దున పది గంటలకు.

"మేడం, మా సమ్మికి జరం. నిన్న సందె నుంచి కాలిపోతున్నది. వణుకు గుడ వచ్చింది."

"టెస్టు చేశావా?"

"చేసిన. ఒక్కటే గీత."

"సి దగ్గరేనా? గింజల సంచి రంగు మారిందా?"

"సి దగ్గరనే. సంచి మంచిగున్నది మేడం. కిట్టంత గలగల పొడిగున్నది."

"అయితే మలేరియా కాదు. ఈ వానలకు అందరికీ వస్తున్న జ్వరమే. పారాసిటమాల్ వెయ్యి, తడిగుడ్డతో ఒళ్ళు తుడువు, నీళ్ళు తాగించు" అన్నాను. చెబుతూనే ఇంకొకరి స్లైడ్‌కు రంగు వేస్తున్నాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకొని ఉన్నాను. ఇవన్నీ నాకిప్పుడు ఎందుకింత బాగా గుర్తున్నాయో తెలీదు.

బుధవారం మళ్ళీ చేసింది. గాలికి మాట తెగిపోతోంది.

"మల్ల టెస్ట్ చేసిన మేడం. ఇయ్యాల గుడ ఒక్కటే గీత. గని పిల్ల మంచిగ లేదు. పిలిస్తె సక్కగ పలుకుత లేదు. మేడం, నా తాన మలేరియా మందు ఉన్నది గద. ఆకుపచ్చ అట్ట, అయిదు నుంచి ఎనిమిదేండ్ల పిల్లలది. ఒకపాలి ఏసి సూడనా?"

దేవుడా, ఆ మాట అడిగింది. తల్లికి తెలిసింది. దాని చేతిలో మందు ఉంది. నేను ఒక్క మాట "వెయ్యవే" అంటే సరిపోయేది.

నేనేమన్నానో చెప్పమంటారా? "నీకు బుద్ధుందా పుష్పా? టెస్టు నెగెటివ్ వస్తే మందెట్లా వేస్తావు? చదువుకున్న ఆశావు కాదా నువ్వు? రెండుసార్లు చేశావు, రెండుసార్లూ ఒకటే చెప్పింది. బంగారం అబద్ధం చెబుతుందా?" అన్నాను.



"అవ్ మేడం" అంది పుష్పలత.

"వాగు తగ్గగానే తీసుకురా, నేనే స్లైడ్ చూస్తాను" అని పెట్టేశాను.

గురువారం తెల్లవారుతూనే పిల్లకు ఫిట్స్ వచ్చాయి. పుష్పలత భర్త బొజ్జయ్యా, ఇంకో ముగ్గురూ నులక మంచం తిరగేసి, పిల్లను అందులో పడుకోబెట్టి, మంచాన్ని తలల మీద పెట్టుకొని, ఛాతీలోతు వాగు దాటారు. అవతల 108 ఎదురుచూస్తోంది. పదకొండున్నరకు మా దవాఖానాకు తెచ్చారు. బొజ్జయ్య ఒళ్ళంతా బురద. పుష్పలత చంకలో ఆశా సంచి అట్లాగే ఉంది. సమ్మి కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, చూపు లేదు.

డాక్టరుగారు సెలైన్ కడుతుండగా నేను వేలు పొడిచి నెత్తురు తీశాను. మా బీరువాలోని కిట్ మీద చుక్క వేసి, పావుగంట గడియారం చూద్దామని తలెత్తాను. పావుగంట అక్కర్లేకపోయింది. ఐదు నిమిషాలు కాకముందే రెండో గీత వచ్చేసింది. సి కంటే ముదురుగా, కుంకుమ బొట్టు పెట్టినట్టు వచ్చింది. గబగబా స్లైడ్ వేసి మైక్రోస్కోపులో చూశాను. ఎటు జరిపినా ఉంగరాల్లాంటి క్రిములే. మెదడుకెక్కే రకం మలేరియా. మూడు రోజులుగా ఆ చిన్న ఒంట్లో పెరుగుతోంది.

తల తిప్పితే నా భుజం వెనక పుష్పలత నిలబడి ఉంది. బల్ల మీది కిట్‌నే చూస్తోంది.

"మా ఇంటికాడ ఎందుకు రాలే మేడం గా గీత?" అంది.

స్లైడ్ తీసుకొని డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను.

డాక్టరుగారు మలేరియా ఇంజెక్షన్ ఇచ్చి, భద్రాచలం పెద్ద దవాఖానాకు పంపించారు. మొదటి మోతాదు ఒంటికి పట్టేంత వ్యవధి కూడా ఆ పిల్లకు మేము మిగల్చలేదు. సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కకముందే ఊపిరి ఆగిపోయిందని బొజ్జయ్య ఫోన్ చేశాడు. "అమ్మా, ఎన్కకు తిప్పమంటున్న బండిని. ముంగటికి పోయి ఏం జేస్త?" అన్నాడు. నేను ల్యాబ్ తలుపు వేసుకొని నేల మీద కూర్చున్నాను. ఆ స్టూలు ఎక్కే అర్హత నాకు లేదనిపించింది.

పదకొండో రోజుకు వాగు తగ్గింది. విచారణ రాయాలని వెంకటేశ్వరరావుగారు బయల్దేరారు. కొత్త కిట్ల డబ్బా ఒకటి తీసుకొని నేనూ వెళ్ళాను. వెళ్ళేముందు ఒక ఆదివారం భద్రాచలం పోయి కమ్మలు కొన్నాను. ఎందుకు కొన్నావని అడక్కండి. మాట ఇచ్చాను కాబట్టి కొన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

పుష్పలత వాకిట్లో కూర్చొని ఉంది. మనిషి సగమైపోయింది. నేను పక్కనే కూర్చొని పొట్లం ఆమె చేతిలో పెట్టాను. విప్పి చూసి, మళ్ళీ మడిచింది.

"పుల్లలు తియ్యకుండనే పూడ్సినం మేడం" అంది. "తీస్తె మూసుకపోతయని దానికి బుగులు గద."

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నా వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి నాకు వాత పెట్టినట్టనిపించింది.

వెంకటేశ్వరరావుగారు గొంతు సవరించుకొని, "అమ్మా, ఆ కిట్ల డబ్బా ఒకసారి చూపిస్తావా" అన్నారు.

పుష్పలత లేవబోయింది. "నువ్వు కూసో బిడ్డా" అంటూ ఆమె తల్లి జంపక్క లేచింది. అరవై ఏళ్ళుంటాయి. మనవరాలిని ఎత్తుకు పెంచింది ఆమే. కోయభాష మనిషి, తెలుగు తడుముకుంటూ మాట్లాడుతుంది. లోపలికి వెళ్ళాం. పొయ్యి మండుతోంది. పొయ్యికి సరిగ్గా పైన వెదురు అటక. దాని మీద సొరకాయ బుర్రల్లో కంది విత్తనాలు, కట్టలు కట్టిన మొక్కజొన్న కంకులు, ఎండబెట్టిన ఇప్పపువ్వు. అన్నీ పొగకు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వాటి నడిమధ్య నుంచి, పాతచీర పేలికలో చుట్టిన డబ్బాను జంపక్క రెండు చేతులతో దించింది. మసితో నల్లబడి ఉంది.

"జర గుడ తేమ తగలనియ్యలే అమ్మా" అంది. "మీరు జెప్పిన్రంట గద, ఇత్తనాల లెక్క దాయాలెనని. ఇత్తనాలకన్న బద్రంగ పెట్టిన. వాన మొదలైనకాడి నుంచి పొయ్యి గుడ ఆరనియ్యలే."

డబ్బా నా చేతికి ఇచ్చింది. వేడిగా ఉంది. అప్పుడే దించిన అన్నం గిన్నెలా ఉంది. నా సంచిలో జ్వరం చూసే థర్మామీటరు ఉంటే తీసి, డబ్బాలో ఉంచాను. కాసేపటికి దాని అంకె పోయి, ఇంగ్లీషు అక్షరం ఒకటి మిగిలింది. దాని కొలతకు అందని వేడి అన్నమాట.

అంతా అర్థమైపోయింది. నెలన్నర పాటు పగలూ రాత్రీ పొయ్యి మీద ఉడికాయి కిట్లు. తేమ లేదు, కాబట్టి గింజల సంచి రంగు మారలేదు. సి దగ్గర కాపలా మొండిది, అది బతికింది. టి దగ్గర పట్టుకారు చచ్చిపోయింది. తొమ్మిది మందికి ఒక్క గీత రావడం, మేము చప్పట్లు కొట్టడం, ఆకుపచ్చ అట్ట విప్పకుండా ఉండిపోవడం, అన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇళ్ళల్లోకి వస్తున్నాను. వీళ్ళు విత్తనాలు పొయ్యి మీది అటకలో దాస్తారని నాకు తెలియదా? తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను.

వాకిట్లోకి వచ్చాక వెంకటేశ్వరరావుగారు కాగితం తీశారు. "కిట్లు సరిగా నిల్వ చేయకపోవడం వల్ల" అని రాసి, కింద పుష్పలత పేరు మొదలుపెట్టారు. నేను పెన్ను లాక్కున్నాను.

"నా పేరు రాయండి సార్. ఉషారాణి, ల్యాబ్ టెక్నీషియన్. తేమ గురించి చెప్పి వేడి గురించి చెప్పలేదు అని రాయండి."

"ఊరుకోండి మేడం. ఇరవై రెండేళ్ళ సర్వీసు..."

"ఏడేళ్ళ పిల్ల సార్!" అని అరిచాను. గుంపులో కుక్కలు మొరిగాయి. ఆయన నా చేతిలోంచి పెన్ను తీసుకొని, పుష్పలత పేరు కొట్టేశారు. ఏం రాసుకుంటారో రాసుకోమని పెన్ను మళ్ళీ నాకే ఇచ్చేశారు. రాశాను. ఆ తర్వాత నామీద ఏం చర్య తీసుకుంటారన్నది వేరే కథ, దాంతో ఎవరికీ పనిలేదు.

పుష్పలత అంతా వింటూనే ఉంది. "కిట్లకు ఏమైంది మేడం?" అని అడిగింది.

చెప్పాను. ఆమెకు అబద్ధం చెప్పే ముఖం నాకు లేదు. "బంగారం అట్లాగే ఉంది పుష్పా. దాన్ని టి గీత దగ్గర ఆపే పట్టుకారు, గుడ్డు సొనలాంటిదని చెప్పాను కదా. గుడ్డు ఒకసారి ఉడికితే మళ్ళీ పచ్చిది కాదు. పొయ్యి వేడికి పట్టుకార్లు ఉడికిపోయాయి. వేడి తగలకూడదని తెర మీద ఉంది. నేను చదవలేదు. తప్పు నాది. నువ్వు మందు వేస్తానంటే వద్దన్నదీ నేనే."

ఆమె నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండు. ఆమె నా పక్కనున్న కొత్త డబ్బా వైపు చూసింది.

"దూలయ్య తాతకు మొన్నటి నుంచి జరం. ఇంకో ఇద్దరికి గుడ ఉన్నది" అంది. "కొత్త డబ్బ ఇయ్యున్రి. ఏడ పెట్టాలె, ఎట్ల పెట్టాలె? ఈపాలి మొత్తం చెప్పున్రి మేడం. ఏదీ ఇడిసిపెట్టకున్రి."

మొత్తం చెప్పాను. తేమా చెప్పాను, వేడీ చెప్పాను, గడువు తేదీ చెప్పాను, గీత రాకపోయినా జ్వరం తగ్గకపోతే నా మాట కూడా వినొద్దని చెప్పాను.

అప్పటిదాకా గడపలో నిలబడి, మా గబగబా తెలుగు అందక ముఖాలు చూస్తున్న జంపక్క, కూతుర్ని కోయభాషలో ఏదో అడిగింది. పుష్పలత రెండు ముక్కల్లో జవాబు చెప్పింది. ముసలమ్మ తల ఊపింది.

"ఏం చెప్పావే?" అని మెల్లగా అడిగాను.

"వాన తేమకు చెడిపోయినయని చెప్పిన" అంది పుష్పలత గొంతు తగ్గించి, తల్లి వైపు చూడకుండా. "అటుక మీద పెట్టింది ఆమె గద మేడం. పొయ్యి ఆరకుండ రేయంత లేసి కట్టెలేసింది ఆమె. గిది తెలిస్తె బతకది."

జంపక్క నా దగ్గరికొచ్చింది. నా మొహంలోకి చూసి, "వానకేనా అమ్మా?" అని తెలుగులో అడిగింది.

ఇరవై రెండేళ్ళలో ఎవరికీ, ఏ డాక్టరుకూ, కడుపులో బిడ్డ లేదని చెప్పాల్సివచ్చిన ఏ తల్లికీ నేను అబద్ధం చెప్పలేదు. "అవ్ జంపక్కా, వానకే" అన్నాను.

పుష్పలత కొత్త డబ్బా తీసుకొని లోపలికి వెళ్ళింది. నేను చెప్పినట్టే, పెద్ద కుండలో ఇసుక పోసి, ఇసుక తడిపి, అందులో చిన్న కుండ పెట్టి, డబ్బాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఆ చిన్న కుండలో ఉంచింది. మూత పెట్టింది. కుండను ఇంట్లో అన్నిటికంటే దూరపు మూలకు, పొయ్యికి వీలైనంత ఎడంగా జరిపింది. మేమిద్దరం ఆ పనిలో పడి, గడపలో ఎవరున్నారో చూసుకోలేదు.

జంపక్క మూలనున్న కుండను చూసింది. పొయ్యిని చూసింది. పొయ్యి మీద అటకను చూసింది. డబ్బా ఉన్నచోట మసి అంటని తెల్లటి చదరం ఒకటి మిగిలి ఉంది. ఆమె చాలాసేపు దాన్నే చూసింది. చెంబుతో నీళ్ళు ముంచుకొచ్చి, ఈ వానాకాలమంతా ఆరనివ్వని పొయ్యిలో కుమ్మరించింది.